మెడ వాల్చేసే పసిపిల్లలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పసిపిల్లల మెడ గురించే. ఒకరు కుడి అని, ఒకరు ఎడమ అని రాశారు. చదివేవాళ్ళు తికమకపడకుండా జవాబులన్నీ కుడివైపు కండరం బిగుసుకున్న బిడ్డ అనుకుని రాశాం. అంటే తల కుడి భుజం మీదికి వాలి, మొహం ఎడమకి తిరిగి ఉండే బిడ్డ. మీ బిడ్డకి ఎడమవైపు అయితే కుడిని ఎడమగా, ఎడమని కుడిగా మార్చి చదువుకోండి.

ప్రశ్న: నాది మొదటి కాన్పు. బాబుని ఫోర్సెప్స్ వేసి తీశారు. ఇప్పుడు ఐదు వారాలు. తల కుడిపక్కకి వాల్చేసి మొహం ఎడమకే పెడతాడు. మొన్న నీళ్ళు పోస్తుంటే కుడివైపు మెడలో రేగిపండంత గట్టి గడ్డ చేతికి తగిలింది. నీళ్ళు పోసే ఆవిడ ఆముదం రాసి నాలుగు రోజులు నలిపితే కరిగిపోతుందంటున్నారు. మాకేమో అది చెడ్డ గడ్డేమోనని భయంగా ఉందండి. – ఓ తల్లి, రాజోలు దగ్గర

ముందు ఆ నలపడం ఆపించండి. మిగతాది నిదానంగా చెప్పుకుందాం.

చెవి వెనకాల ఎముక దగ్గర మొదలై, మెడ మీదుగా ఏటవాలుగా దిగి, రొమ్ము ఎముకకీ కాలర్ బోన్‌కీ అతుక్కునే కండరం ఒకటుంది. అద్దం ముందు మొహం బాగా పక్కకి తిప్పి చూసుకుంటే మెడలో ఉబికి కనిపించేది అదే. స్టెర్నోక్లిడోమాస్టాయిడ్ అంటారు. కుడివైపు కండరం బిగిస్తే చెవిని కుడి భుజం వైపు లాగుతుంది, అదే లాగుడులో గడ్డాన్ని ఎడమకి తిప్పుతుంది. మీ బాబు తల వాలేది ఒకవైపు, చూసేది ఇంకోవైపు అవడానికి కారణం ఇదే. డాక్టర్ల చీటీలో దీన్ని టార్టికోలిస్ (మెడ వాలడం) అనో, సీఎంటీ (పుట్టుకతో మెడ కండరం బిగుసుకుని వాలడం) అనో రాస్తారు.

కడుపులో చివరి వారాల్లో బిడ్డ ఇరుకుగా ఉండిపోవడం, ఎదురుకాళ్ళతో ఉండటం, తొలి కాన్పు, పెద్ద బిడ్డ, ఫోర్సెప్స్ వాడిన కాన్పు ఉన్నచోట ఇది ఎక్కువ కనిపిస్తుంది. కండరంలో కొంత భాగం దెబ్బతిని పీచుగా మారితే ఆ పీచే గడ్డలా చేతికి తగులుతుంది. పుట్టిన రోజున ఉండదు. రెండు మూడు వారాలకి తేలుతుంది, కొన్నాళ్ళు పెరిగినట్టే ఉంటుంది, తర్వాత 4 నుంచి 8 నెలల వయసులోపు చాలామందిలో దానంతటదే కలిసిపోతుంది. కండరంతోపాటే కదులుతుంది, ముడితే బిడ్డ ఏడవడు, పైన చర్మం ఎర్రగా ఉండదు. మీరు రాసిన వయసు, చోటు, తీరు దీనికి సరిపోతున్నాయి. ఇది క్యాన్సర్ కాదు. గ్రహణం రోజున మీరేం కోశారు, ఎటు తిరిగి పడుకున్నారు అని ఎవరైనా ఆరా తీస్తే పట్టించుకోకండి.

అయినా గడ్డ ఇదేనని తేల్చాల్సింది పిల్లల డాక్టరు. అనుమానం ఉంటే మెడకి అల్ట్రాసౌండ్ స్కాన్ రాస్తారు. సూది లేదు, రేడియేషన్ లేదు. ఆ చీటీలోనే తుంటి కీళ్ళ స్కాన్ కూడా రాయమని అడగండి. మెడ ఇలా ఉన్న పిల్లల్లో తుంటి కీలు వదులుగా ఉండటం మిగతావాళ్ళకన్నా ఎక్కువ. ఇప్పుడు తెలిస్తే బెల్టుతో సరిపోవచ్చు, నడకొచ్చాక తెలిస్తే ఆపరేషన్ దాకా వెళ్ళవచ్చు. తుంటికి అల్ట్రాసౌండ్ పనికొచ్చేది నాలుగైదు నెలలలోపే, ఆ తర్వాత ఎక్స్‌రే తీయాలి. అంతవరకూ కాళ్ళు తిన్నగా లాగి గుడ్డ గట్టిగా చుట్టకండి.

నలపడం ఎందుకు వద్దంటే, గడ్డ కరగకపోగా లోపల కమిలి వాపు వస్తుంది, బిడ్డకి మెడ ముట్టుకుంటేనే భయం పట్టుకుంటుంది. అప్పుడు అసలు వ్యాయామం చేయనివ్వడు. కాపడం కూడా వద్దు, పసిచర్మం త్వరగా కాలుతుంది. స్నానం ముందు కొబ్బరినూనె చేతికి రాసుకుని మెత్తగా రాస్తే అభ్యంతరం లేదు, దాన్ని వైద్యం అనుకోకపోతే చాలు.

ఆలస్యం మాత్రం చేయకండి. అమెరికాలో పిల్లల ఫిజియోథెరపిస్టులు 2018లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం, నెల నిండకముందే మొదలుపెడితే నూటికి 98 మందికి నెలన్నరలో మెడ దాదాపు మామూలుగా తిరుగుతుంది. నెల దాటాక మొదలుపెడితే ఆరు నెలలు, ఆరు నెలల వయసు దాటాక అయితే తొమ్మిది పది నెలలు పట్టవచ్చు. ‘పెద్దయితే అదే సర్దుకుంటుంది’ అనే మాటకి ఖరీదు అది.

ప్రశ్న: మా పాపకి రెండు నెలలు. భీమవరంలో ఫిజియోథెరపిస్టు గారు వ్యాయామం చూపించారు కానీ ఇంటికొచ్చాక ఎటు వంచాలో, ఎటు తిప్పాలో అంతా గజిబిజి. పాప ఏడిస్తే మా అమ్మ చేయనివ్వదు. విడమరిచి రాయండి. – ఓ తండ్రి

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. బిగుసుకున్న కండరం వాలుస్తోంది కుడికి, తిప్పుతోంది ఎడమకి. కాబట్టి దాన్ని సాగదీయాలంటే రెండూ తిరగేయాలి: వంచేది ఎడమకి, తిప్పేది కుడికి. ఈ రెండు మాటలు కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి. మెడ ఎముకల్లో పుట్టుకతో తేడా లేదని డాక్టరు చూసి చెప్పాకే చేతులు వేయాలి.

పాలు తాగిన అరగంట, ముప్పావుగంట తర్వాత, మెలకువగా, హుషారుగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. పరుపు మీద వద్దు, తల కూరుకుపోతుంది. నేల మీద చాప వేసి రెండు మడతల దుప్పటి పరవండి. పాపని వెల్లకిలా పడుకోబెట్టి మీరు తలవైపు కూర్చోండి. అలా కూర్చుంటే పాప కుడీ, మీ కుడీ ఒకటే అవుతాయి. ఎదురుగా కూర్చుని చేసేవాళ్ళే తరచూ తప్పు పక్కకి తిప్పుతారు. మీ అమ్మగారిని ఎదురుగా కూర్చోబెట్టి పాప రెండు భుజాలూ మెత్తగా ఆపమనండి. ఆవిడకీ పని ఇచ్చినట్టవుతుంది, అడ్డుపడటం తగ్గుతుంది.

మొదట తిప్పడం. తల కింద రెండు అరచేతులూ పెట్టి, మొహాన్ని నెమ్మదిగా కుడి భుజం వైపు తిప్పండి. ఎక్కడ కాస్త బిగువు తగిలితే అక్కడ ఆగండి. 10 సెకన్లు ఉంచి, నెమ్మదిగా మధ్యకి తెచ్చి వదలండి. అలవాటయ్యాక 30 సెకన్ల వరకూ వెళ్ళొచ్చు. మెడ బాగున్న పసిబిడ్డకి గడ్డం భుజం దాటి ఇంకొంచెం వెనక్కి వెళ్తుంది, కొలిస్తే 110 డిగ్రీలు. మొదటి వారంలోనే అక్కడికి చేరాలని పట్టుదల పెట్టుకోకండి.

తర్వాత వంచడం. ఎడమ అరచేయి తల కింద ఉంచి, కుడి చేత్తో కుడి భుజాన్ని కిందికి ఆపి, తలని దుప్పటి మీద జరిపినట్టుగా ఎడమ భుజం వైపు జరపండి. ముక్కు మాత్రం ఇంటికప్పు వైపే ఉండాలి. ఎడమ చెవి ఎడమ భుజానికి దగ్గరవుతుంది. ఇదీ 10 నుంచి 30 సెకన్లే.

ఒక్కో రకం మూడు నుంచి ఐదు సార్లు చాలు. రోజులో డైపరో, గుడ్డో మార్చిన ప్రతిసారీ చేస్తే ఐదారు విడతలు వాటంతటవే పడతాయి. ఆదివారం కూర్చుని గంటసేపు చేసేదానికన్నా ఇలా కొంచెం కొంచెంగా చేసేదే పనిచేస్తుంది.

ఇక తప్పులు. తిప్పేటప్పుడు ఎడమ భుజం లేచి ఒళ్ళంతా కుడికి దొర్లితే మెడ తిరగనట్టే. వంచేటప్పుడు కుడి భుజం చెవి దగ్గరికి లేచొస్తే కండరం సాగనట్టే. అందుకే భుజాలు పట్టుకోమన్నది. దవడ పట్టుకుని, బుగ్గ నొక్కి తిప్పకండి, పట్టు తల వెనకాల ఉండాలి. వేళ్ళు గొంతు ముందు భాగానికి తగలకూడదు. గడ్డం పైకెత్తి వంచితే సాగాల్సిన కండరం పక్కకి తప్పుకుంటుంది.

ఏడుపు సంగతి. చిరాకు వేరు, నొప్పి వేరు. మూతి ముడిచి గొణిగితే పాటో, గిలక్కాయో అందుకోండి. మెడ బిగించి, ఎదురు నెట్టి, కెవ్వున ఏడిస్తే వెంటనే వదిలేయాలి. ఏడుస్తూ బిగించిన కండరాన్ని లాగితే అది సాగదు, చిన్న దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. మెడలో టక్కుమని వదులైనట్టు అనిపించినా, కమిలినా ఆపేసి థెరపిస్టుకి చూపించండి. పెదాలు నీలంగా మారినా, ఊపిరి తేడాగా ఉన్నా వ్యాయామం మాట మర్చిపోయి ఆసుపత్రికి వెళ్ళండి.

చేతులు వేయనివ్వని పిల్లలకి ఎత్తుకునే పద్ధతి ఒకటుంది, తాతగార్లకి కూడా పట్టుబడుతుంది. పాప వీపు మీ రొమ్ముకి ఆనేలా, కుడిపక్క కిందికి వచ్చేలా అడ్డంగా పట్టుకోండి. ఒక ముంజేయి పాప కుడి చెవికీ కుడి భుజానికీ మధ్యన ఉండి తలని కాస్త పైకి ఎత్తి ఉంచాలి. రెండో చేయి కాళ్ళ మధ్య నుంచి వచ్చి ఒంటి బరువు మోయాలి. అలా పట్టుకుని పెరట్లో కొబ్బరి చెట్లు చూపిస్తూ తిరగండి, కండరం సాగుతున్న సంగతే పాపకి తెలియదు.

భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించేటప్పుడు మీ కుడి భుజం మీదే వేసుకోండి. మీ మెడ, మాట పాపకి కుడివైపు వస్తాయి. అటు తిరుగుతుంది.

మూడు నాలుగు నెలలకి తల నిలబెట్టడం వచ్చాక సాగదీయడమొక్కటే చాలదు, ఎడమవైపు బలం పుంజుకోవాలి. నడుము దగ్గర పట్టుకుని నిటారుగా ఎత్తి, ఒంటిని కొద్దిగా కుడిపక్కకి ఒరగనివ్వండి. తల పడిపోకుండా ఎడమవైపు కండరాలతో తనే పైకి లాక్కుంటుంది. తల వేలాడేస్తే ఒరుగు ఎక్కువైందని లెక్క.

ప్రశ్న: మా మనవడికి మూడు నెలలు. ఎడమకి తప్ప కుడికి చూడడు. తల వెనకాల ఎడమవైపు బల్లపరుపుగా అయిపోయింది. ఆవాల దిండు కుట్టి పెట్టాను. రోజంతా చీర ఉయ్యాలలోనే నిద్ర. కోడలేమో దిండు తీసేయమంటోంది. – ఓ నాయనమ్మ, మండపేట

మీ కోడలి మాట వినండమ్మా. ఏడాదిలోపు పిల్లల పక్కలో దిండు గానీ, బొంత మడతలు గానీ ఉంటే ముక్కుకి అడ్డుపడి ఊపిరాడని ప్రమాదం ఉంది. పైగా ఆవాలు తల చుట్టూ గుంటపడి తలని ఉన్నచోటే పట్టి ఉంచుతాయి. మీ మనవడికి కావాల్సింది తల కదలడం.

మొహం ఎప్పుడూ ఎడమకే ఉంటే బరువంతా ఎడమ వెనక భాగం మీద పడుతుంది. మెత్తటి పుర్రె అక్కడ చదునవుతుంది, ఎడమ చెవి కాస్త ముందుకి జరుగుతుంది, ఎడమ నుదురు ఉబుకుతుంది. పైనుంచి చూస్తే తెలుస్తుంది. పదిహేను రోజులకోసారి ఒకే చోట కూర్చుని తల పైనుంచి ఫోటో తీసి ఉంచితే మార్పు కళ్ళకి కనబడుతుంది. చేత్తో నొక్కి గుండ్రంగా చేయాలని మాత్రం చూడకండి.

చీర ఉయ్యాలలో ఇబ్బంది ఏమిటంటే, గుడ్డ రెండు పక్కలా ఎగిసి బిడ్డని విల్లులా వంచేస్తుంది, వాలిన తల అలాగే ఇరుక్కుంటుంది, కుడికి తిప్పడానికి చోటుండదు, గడ్డం రొమ్ముకి ఆనుతుంది. జోల పాడి నిద్రపుచ్చాక గట్టి చదునైన పక్క మీద వెల్లకిలా వేయండి. గోడవైపు కుడిపక్క రాకూడదు. తలుపు, కిటికీ వెలుతురు, మీరు కూర్చునే చోటు వాడి కుడివైపు ఉండేలా తల, కాళ్ళ దిక్కు మార్చండి. వాస్తు ప్రకారం తల ఒకే దిక్కున ఉండాలని ఇంట్లో ఎవరైనా పట్టుబడితే, పక్కనే గది మధ్యకి లాగి మీరు కుడివైపు కూర్చోండి, గొడవ ఉండదు. పాలసీసా అయితే కుడివైపు నుంచి నోటికి అందించండి. తల్లిపాలు ఒకవైపు తాగనని మొరాయిస్తే బలవంతం చేయకుండా, అదే భంగిమలో పక్కకి జరిపి, చంక కింద నుంచి పట్టుకుని రెండో రొమ్ము పట్టించమనండి. పాలు తాగడమే ముందు, మెడ తర్వాత.

మీ చేతిలో ఉన్న గొప్ప పనిముట్టు మీరు కాళ్ళు చాపుకుని పోసే నీళ్ళు. నీళ్ళు పోయడానికి ముందు కాళ్ళ మీద బోర్లా వేసి నూనె రాస్తారు చూడండి, సరిగ్గా అదే ఫిజియోథెరపిస్టులు చేయమనే బోర్లా ఆట. మొహం కుడికి తిప్పి వేయండి, ముక్కు, నోరు తెరిచి ఉన్నాయో లేదో చూసుకోండి. బోర్లా ఉన్నప్పుడు తల మీద నీళ్ళు మాత్రం పోయకండి. మిగతా వేళల్లో మెలకువగా ఉన్నప్పుడు చాప మీద రెండు మూడు నిమిషాలతో మొదలుపెట్టి, రోజు మొత్తం కలిపి అరగంట దాటేలా పెంచండి. రొమ్ము కింద చిన్న తువ్వాలు చుట్ట పెడితే ఓపిగ్గా ఉంటాడు. పక్కన మనిషి లేకుండా బోర్లా వదలకూడదు, నిద్రపోతే వెల్లకిలా తిప్పాలి. బోర్లాపడితే బొబ్బట్లు చేస్తారుగా, ఈ ఆట ఆడిన పిల్లలు ఆ బొబ్బట్లు త్వరగానే తినిపిస్తారు.

చదును బాగా ఎక్కువగా ఉంటే తల ఆకారం సరిదిద్దే హెల్మెట్ అని ఒకటుంది. నాలుగో నెల తర్వాత, ఏడాదిలోపు పనికొస్తుంది. ఖరీదు ఎక్కువ, మన ఉక్కలో రోజంతా పెట్టి ఉంచడం కష్టం. పడుకోబెట్టే తీరు మార్చి రెండు నెలలు చూశాకే దాని గురించి డాక్టరుతో మాట్లాడండి.

ప్రశ్న: ఎనిమిది నెలల పాప. మొన్నటిదాకా మెడ బాగుంది. జలుబు, జ్వరం వచ్చి నిన్నటి నుంచి మెడ పక్కకి పెట్టేసి కదపనివ్వడం లేదు. వ్యాయామం చేయొచ్చా? – నరసాపురం నుంచి

చేయకూడదు. ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికే చూపించి ఉంటారని ఆశిస్తున్నాం. జ్వరంతో ఉన్నట్టుండి మెడ పట్టేస్తే గొంతు వెనక చీము చేరడం లాంటివి ఉండొచ్చు, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. చొంగ మింగలేకపోవడం, ఊపిరిలో శబ్దం, మత్తు, పదేపదే వాంతులు ఉంటే రాత్రయినా ఆగకండి.

జ్వరం లేకపోయినా కొన్ని గుర్తులు ఇది కండరం సంగతి కాదని చెబుతాయి. ఒకసారి కుడికి, కొన్నాళ్ళకి ఎడమకి మారుతూ వాలడం. పాలు తాగాక ఒళ్ళు విల్లులా వంచి మెడ తిప్పడం, ఇది కడుపులోంచి పాలు పైకి తన్నే పిల్లల్లో చూస్తాం. కూర్చోవడం వచ్చాకే తల వాలడం, నిద్రలో తిన్నగా ఉండటం, చేత్తో తిప్పితే మెడ రెండువైపులా హాయిగా తిరగడం, ఈ మూడూ ఉంటే ముందు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కంటి కండరం బలహీనమైతే బొమ్మ రెండుగా కనబడకుండా పిల్లలు తల వాలుస్తారు. వాళ్ళ మెడని ఎంత సాగదీసినా లాభం లేదు.

ప్రశ్న: నేను ఆశా కార్యకర్తని. కోనసీమలో లంక గ్రామం. బాలింతల ఇళ్ళకి వెళ్ళినప్పుడు దీన్ని ఎలా పట్టుకోవాలి? ఎక్కడికి పంపాలి?

మీ ఇంటి సందర్శనలు 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఉంటాయి. గడ్డ తేలేది రెండో వారం తర్వాత కాబట్టి 21, 28, 42వ రోజుల్లో బరువు తూచేటప్పుడే ఒక్క నిమిషం మెడకి ఇవ్వండి. వెల్లకిలా వేసి ముక్కు, గడ్డం, బొడ్డు ఒకే గీతలో ఉన్నాయా చూడండి. గిలక్కాయ శబ్దంతో మొహం రెండువైపులా తిప్పించండి. ఒకవైపు సగంలోనే ఆగిపోతే, లేదా మెడ మడత ఒకవైపు లోతుగా, ఎర్రగా ఉంటే రాసుకోండి. రెండు వేళ్ళతో చెవి వెనక నుంచి కాలర్ బోన్ దాకా నొక్కకుండా తడిమి చూడండి. తొడలు రెండూ సమానంగా తెరుచుకుంటున్నాయా అన్నది గమనించండి, కీలుని మీరు బలంగా తిప్పవద్దు. మూడో నెల సందర్శనలో మళ్ళీ చూస్తే తల చదును కూడా దొరుకుతుంది.

పంపాల్సింది మొదట పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి. 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమ్) పథకం కింద పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ళ వరకూ పిల్లల్ని పరీక్షిస్తారు, తుంటి కీలు లోపం ఆ జాబితాలోనే ఉంది. అక్కడి నుంచి జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీ కేంద్రానికి (పిల్లల లోపాల్ని ముందే పట్టి చికిత్స చేసే కేంద్రం) చీటీ రాయించండి. ఫిజియోథెరపీ ఆ కేంద్రాల సేవల్లో భాగం. పడవ దాటి వారం వారం రాలేమని తల్లి అంటే, రెండు వారాలకోసారి వెళ్ళి ఇంట్లో చేసే పద్ధతిని ఫోన్‌లో వీడియో తీసుకుని రమ్మనండి. రోజూ చేసేది ఇంట్లోవాళ్ళే.

ప్రశ్న: బాబుకి పదకొండు నెలలు. అదే సర్దుకుంటుందని వదిలేశాం. ఇప్పుడు ఆపరేషనే గతి అంటున్నారు. – తణుకు నుంచి ఓ తండ్రి

వెంటనే ఆపరేషన్ అక్కర్లేదు. ఈ వయసులో బాబు ఊరుకోడు కాబట్టి చేత్తో సాగదీయడం తక్కువ, ఆట ఎక్కువ ఉండాలి. బొమ్మ ఎప్పుడూ కుడివైపు వెనకగా పెట్టండి, అందుకోవడానికి మొహం తిప్పుతాడు. ఆరు నెలలు సరిగ్గా చేసినా మెడ తిరగడంలో చెప్పుకోదగ్గ లోటు మిగిలితే, ఏడాది నిండాక కండరాన్ని కోసి వదులు చేసే ఆపరేషన్ గురించి పిల్లల ఎముకల డాక్టరు చెబుతారు. చిన్న కోతే. అయితే తర్వాత కొన్ని నెలలు ఇదే ఫిజియోథెరపీ తప్పదు. అది మానేస్తే కోసినచోట మచ్చ బిగిసి మళ్ళీ మొదటికి వస్తుంది.

ప్రశ్న: పాప వాలిన పక్క మెడ మడతలో ఎర్రగా పుండు పడింది, వాసన వస్తోంది. పౌడరు వేస్తున్నాం. – అమలాపురం

పౌడరు ఆపండి. చెమటతో ముద్దకట్టి ఒరుసుకుంటుంది, ఎగిరితే ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. కారిన పాలు, చెమట ఆ మడతలో నిలవడం వల్ల వచ్చింది. రోజుకి రెండు మూడుసార్లు కాచి చల్లార్చిన నీళ్ళలో మెత్తటి గుడ్డ ముంచి తుడిచి, పొడిగుడ్డతో అద్ది, మడత తెరిచి ఐదు నిమిషాలు గాలి తగలనివ్వండి. చుట్టూ చిన్న ఎర్ర చుక్కలు ఉంటే ఫంగస్, డాక్టరు రాసిన క్రీము వాడాలి. నీరు కారుతున్నా, జ్వరం ఉన్నా ఇంటి వైద్యం వద్దు. పుండు మానేదాకా మెడ వంచే వ్యాయామం ఆపి, ఎత్తుకునే పద్ధతీ, పక్క దిక్కు మార్చడం మాత్రమే చేయండి.